వరండాలో మహేంద్రగిరి

ఆగస్టు 24

ప్లైవుడ్ షాపులో ఎనిమిదడుగుల పలకని ఐదడుగుల దగ్గర కోయించాను. మిగిలిన మూడడుగుల ముక్క ఇంటికి రాగానే వంటింట్లో అర అయిపోయింది కాబట్టి ఖర్చు గురించి మా ఆవిడ ఇంకేం అడగలేదు. పెద్ద ముక్క, ఐదడుగుల పొడవూ నాలుగడుగుల వెడల్పూ, వరండాలో గోడకి ఆనించి ఉంది.

"దీని మీద ఏం చేస్తావు నాన్నా?" అంది మా అమ్మాయి.

"మహేంద్రగిరి. మన ఊరి నుంచి బారువ సముద్రం దాకా."

"గీస్తావా?"

"గీయను. కడతాను."

నేను పుట్టి పెరిగింది ఆంధ్రకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోనే. చుట్టాలొచ్చి "మీ ఊళ్ళో చూడ్డానికేం ఉన్నాయి?" అంటే గజపతి రాజుల కోట, మహేంద్రతనయ ఒడ్డున బృందావన్ ప్యాలెస్ చూపించి, కొమ్ముతో చేసిన కొంగబొమ్మ ఒకటి చేతిలో పెట్టి రైలెక్కించేస్తాం. నలభై ఆరేళ్ళుగా ఇదే వరస. కొండలు మేడ మీంచి రోజూ కనిపిస్తూనే ఉంటాయి. ఏ కొండ పేరేంటి, ఏ ఏరు ఎటు పోతుంది అని గట్టిగా అడిగితే మాత్రం నీళ్ళు నములుతాను. మొన్న స్కూల్లో జిల్లా ప్రకృతి వనరుల మీద మా అమ్మాయికి ప్రాజెక్టు ఇచ్చారు. ఇంటర్నెట్లో బొమ్మలు ప్రింటు తీసి చార్టు మీద అంటించి ఇచ్చేసింది. ప్రింటు తీసింది నా జెరాక్స్ షాపులోనే. మంచి మార్కులొచ్చాయి. అందులో ఉన్న చోట్లలో సగం మేమిద్దరం చూడనే లేదు.

అందుకే రెండు షరతులు పెట్టుకున్నాం. ఒకటి, మేం కాళ్ళతో వెళ్ళి చూడని చోట పిన్ను గుచ్చకూడదు. రెండు, పిన్నుకి కట్టే కాగితం జెండా మీద పేరు అక్కడివాళ్ళు ఎలా పలుకుతారో అలా రాయాలి. రెండో షరతు రాసుకున్నప్పుడు తేలిగ్గానే అనిపించింది.

ఆగస్టు 29

మొదటి జెండా మీదే గొడవ. మా ఊరి పేరు.

స్కూలు పుస్తకంలో పారలాఖెముండి. రైల్వే బోర్డు మీద ఒకలా, పాత కాగితాల మీద ఇంకోలా. ఇంట్లో పర్లాకిమిడి. మా అమ్మ తరం వాళ్ళయితే ఉత్త "కిమిడి". అమ్మాయి ఒడియా మీడియంలో ఎనిమిదో తరగతి. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. "తెలుగులో రాస్తే మా ఫ్రెండ్స్ ఎవరూ చదవలేరు నాన్నా" అంది. సబబే. జెండాకి ఒక వైపు తెలుగు నేను, వెనక వైపు ఒడియా తను రాసేలా ఒప్పందం కుదిరింది. ఊరి జెండా మీద నేను "పర్లాకిమిడి" రాశాను. తను తిప్పి తన పేరు రాసుకుంది. అట్ట ముక్కకి రెండు ముఖాలుంటాయన్న సంగతి ఇంత పనికొస్తుందని అనుకోలేదు.

తేదీ చూసి నవ్వొచ్చింది. ఇవాళ గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో మా ఊరికి రాజావారి స్కూల్లో మాస్టారుగా వచ్చారు. జనం నోట్లో ఉన్న తెలుగునే రాయాలని ఆయన పట్టుబట్టింది ఈ వీధుల్లో తిరుగుతూనే. అంతకంటే నాకు ఇష్టమైన సంగతి, కొండల మీంచి వచ్చే సవరల మాట ఆయన కూర్చుని నేర్చుకోవడం. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండల్లో తిరిగారు, జ్వరం తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. మాటల కోసం తిరిగి వినికిడి పోగొట్టుకున్న మనిషి! 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై మా ఊరు అందులో కలిసినప్పుడు ఆయన ఊరే వదిలేసి వెళ్ళిపోయారు. మా తాతలు వదల్లేదు. అందుకే నేనిక్కడ జెండాలు రాస్తున్నాను.

సెప్టెంబరు 7

లెక్కలు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 షీట్లు తీసుకున్నాను. ఒక్కో షీటు అక్షాంశంలో 15 నిమిషాలు, రేఖాంశంలో 15 నిమిషాలు. నా పలక మీద పట్టే చోటు 12 షీట్ల మీద పరుచుకుని ఉంది. కుడివైపు కిందిది దాదాపు అంతా సముద్రమే కాబట్టి 11తో సరిపెట్టాను. ఈ కొలతలో కిలోమీటరు అంటే రెండు సెంటీమీటర్లు.

చిక్కల్లా ఎత్తు దగ్గర. మహేంద్రగిరి 1,501 మీటర్లు. ఒడిశాలోని ఎత్తైన కొండల్లో ఒకటి. అదే కొలతలో కడితే మూడు సెంటీమీటర్లు వస్తుంది. ఐదడుగుల పలక మీద మూడు సెంటీమీటర్ల మహేంద్రగిరి అంటే ఇడ్లీ బోర్లించినట్టుంటుంది. అందుకని ఎత్తుని రెండింతలు చేశాను, ఆరు సెంటీమీటర్లు. ఇలా పెంచడం మోసం కాదు, కొండల నమూనాలు కట్టేవాళ్ళందరూ చేసేదే. ఎన్ని రెట్లు పెంచామో ఒక మూల రాసి పెట్టాలంతే.

ప్రతి వంద మీటర్లకి నాలుగు మిల్లీమీటర్ల అట్ట. ఫ్రిజ్ డబ్బాలు కోసి, పలచగా ఉన్నవి రెండేసి అంటించాను. షీటు మీద ఆ ఎత్తు గీతని కార్బన్ పేపరుతో అట్ట మీదకి దించి, బ్లేడుతో కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చడం. మా ఊరు ఒక్క అట్ట ఎత్తు. శిఖరం పదిహేను అట్టలు. పైకి వెళ్ళేకొద్దీ ముక్కలు చిన్నవవుతూ చివరిది నా బొటనవేలి గోరంత వచ్చింది. అది తుమ్మితే ఎగిరిపోయింది. రెండోది కోశాను.

సెప్టెంబరు 21

మెట్లు మెట్లుగా ఉన్న కొండని నునుపు చెయ్యాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తెద్దామనుకుంటుంటే అమ్మ అడ్డుపడింది. "కాగితం గుజ్జు ఉండగా ఆ సున్నం ఎందుకురా? నేను ఎన్ని బుట్టలు చేసీదాన్ని!"

నిజమే. చిన్నప్పుడు మా ఇంట్లో పప్పులు పోసుకునే బుట్టలన్నీ కాగితం గుజ్జువే. పాత పేపర్లు చింపి మూడు రోజులు నానబెట్టి, రోట్లో వేసి దంచి, నానిన మెంతులు రుబ్బి కలిపేది. మెంతి జిగురుకి గుజ్జు పట్టు పడుతుంది, ఆరాక గట్టిగా మోగుతుంది. బకెట్ గుజ్జుకి రెండు గుప్పిళ్ళ మెంతులు అని కొలత చెప్పింది. రోలు లేదు, మిక్సీలో వేశాం. మా ఆవిడ ఆ మిక్సీ జార్ వైపు ఇప్పటికీ అనుమానంగానే చూస్తుంది.

కొండంతా ఒకేసారి మెత్తేశాను. అంగుళం మందం. ఎంత సరదాగా ఉందో! గరిట వెనక వైపుతో నొక్కుతుంటే లోయలు వాటంతటవే పడుతున్నాయి.

సెప్టెంబరు 29

బూజు. మహేంద్రగిరి పడమటి వాలంతా నల్లగా, మధ్యమధ్య నీలంగా. వరండాలోకి రాగానే మెంతుల పులిసిన కంపు. పలక కూడా తడికి ఒక వైపు వంగి పడవలా అయింది.

"ఎండల్లో చేసే పని భాద్రపదంలో పెట్టుకుంటే ఏటవుతాది?" అంది అమ్మ. ఈ మాట వారం ముందు చెప్పి ఉండొచ్చు కదా అంటే, "నువ్వు అడిగేవేటి?" అంది.

అక్టోబరు 15

మెత్తిందంతా గోకేశాను. అట్టల మెట్లు కొంత దెబ్బతిన్నాయి. ఈసారి పలక వెనక మూడు చెక్క బద్దలు మేకులతో బిగించాను. గుజ్జులో చిటికెడు మైలుతుత్తం కలిపాను. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు పురుగు పట్టకుండా పిండిలో కలిపేది అదే. అది విషం కాబట్టి పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు, గ్లవుజులు వేసుకున్నాను. పూత అర సెంటీమీటరు మించకుండా వేసి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, ఎండాకే రెండో పూత. నాలుగు పూతలకి పద్నాలుగు రోజులు పట్టింది. ఇలాంటి పని ఎవరైనా మొదలుపెడితే నా మాట వినండి, సంక్రాంతి దాటాక మెత్తండి.

అక్టోబరు 19

ఏరులు గీసే రోజు. నీలం రంగు, సన్న కుంచె. ఎడమ అంచున పెద్దది వంశధార. ఎగువన కలహండి కొండల్లో పుట్టి కిందికి వచ్చి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నా పలక మీద దాని నడుం మాత్రమే పడింది. తరువాత మహేంద్రతనయ. మహేంద్రగిరి కొండల్లో మొదలై, మా ఊరి పక్కగా, పాతపట్నం పక్కగా వచ్చి, గొట్టా బ్యారేజీకి కాస్త ఎగువన వంశధారలో కలుస్తుంది. గీత బాగా కుదిరింది. అమ్మని పిలిచి చూపించాను.

అమ్మ కళ్ళజోడు సర్దుకుని పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"మరి మా మహేంద్రతనయ ఏదిరా?"

"ఇదే కదమ్మా."

"ఇది మీ ఊరిది. మా బారువది ఏది? సముద్రంలో కలిసీది?"

అమ్మ పుట్టిల్లు సోంపేట దగ్గర. బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట స్నానాలు చేశామని ఎన్నిసార్లు చెప్పిందో. నేను వినలేదని కాదు. విన్నాను, మా ఊరి ఏరే ఎక్కడో తిరిగి అక్కడికి వెళ్తుందని ఏ ఆలోచనా లేకుండా అనుకుంటూ వచ్చాను. ఒక ఏరు పడమరకి పోయి వంశధారలో కలిసి, మళ్ళీ తూర్పుకి తిరిగి బారువ ఎలా వెళ్తుంది? నలభై ఆరేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

షీట్లు మళ్ళీ పరిచాను. అమ్మదే నిజం. కొండల తూర్పు పక్క నీళ్ళు వేరుగా కూడి, మందస, సోంపేటల వైపు దిగి, బారువ దగ్గర సముద్రంలో పడతాయి. దాని పేరూ మహేంద్రతనయే. ఒకే పేరు, రెండు ఏరులు.

"తనయ అంటే కూతురు కదా. ఆ కొండకి ఇద్దరు కూతుళ్ళు. ఒకత్తిని వంశధారకిచ్చేడు, ఒకత్తిని సముద్రానికిచ్చేడు," అని అమ్మ లేచి వెళ్ళిపోయింది.

రెండో గీత అమ్మాయి చేత గీయించాను. రెండు జెండాలు, రెండింటి మీదా ఒకే పేరు.

అక్టోబరు 26

ముఖలింగం. మా ఊరి నుంచి బండి మీద గంటలోపే. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్ళు. మధూకం అంటే ఇప్ప చెట్టు. శివుడు ఇప్ప మొద్దులో వెలిశాడని కథ. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చెప్పిన వాళ్ళలో గిడుగువారు ముఖ్యులు. పాత లిపులు సొంతంగా నేర్చుకుని ఇక్కడి శాసనాలు చదివారు. మధుకేశ్వరుడి గుడి గోడల మీద, ద్వారాల మీద చెక్కడం పని చూడ్డానికి పూట చాలదు. అమ్మాయి ఒక లత తీగని నోటుబుక్కులోకి ఎక్కించే ప్రయత్నం చేసి సగంలో వదిలేసింది.

వంశధార ఇసుక ఒక డబ్బా తెచ్చాం. ఇక్కడో కొత్త షరతు పుట్టింది. ప్రతి చోటు నుంచీ పిడికెడు మన్ను తెచ్చి, ఫెవికాల్ పూసి, నమూనా మీద ఆ చోట చల్లాలి. రంగు డబ్బాల కంటే ఇదే బాగుంది.

నవంబరు 16

బారువ. పాతపట్నం నుంచి మా బావ జీపు తెచ్చాడు. అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాం.

మందస దాటాక ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. తరువాత నాటిన మొక్కలు ఇప్పుడు కొన్ని చోట్ల నా ఎత్తు దాటాయి, పాత చెట్లు ఎక్కడో ఒకటి ఒంటరిగా నిలబడి ఉంటే ఆ చుట్టూ ఎంత ఖాళీ అయిందో తెలుస్తోంది. పడిన చెట్ల లెక్క అమ్మ చెప్పలేదు గాని, "ఇక్కడ మా చిన్నాన్న తోట" అని చెయ్యి చూపించిన చోట మాత్రం మాట్లాడకుండా ఉండిపోయింది.

ఏరు సముద్రంలో కలిసే చోట నీళ్ళు మోకాలి లోతు. ఏటి నీరు మట్టి రంగు, అల నీరు ఆకుపచ్చ. అమ్మాయి ఒక కాలు అందులో, ఒక కాలు ఇందులో పెట్టి నిలబడింది. వేలితో నాలుక మీద రెండు నీళ్ళూ వేసుకుని చూసింది. "ఇది కూడా ఉప్పే" అని ఏటి నీటిని ఉమ్మేసింది. పోటు నీళ్ళు లోపలిదాకా ఎక్కుతాయి మరి. ఒడ్డున తెప్పలు, వలలు ఎండేసి ఉన్నాయి. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమే కాని, దానికి కాలం ఇంకా రాలేదు.

ఇసుక తెచ్చాం. పలక మీద శిఖరం నుంచి ఈ ఒడ్డుకి కొలిస్తే మూరెడు. అంటే గద్ద ఎగిరే దారిన పాతిక కిలోమీటర్ల లోపే.

నవంబరు 30

రైలు. ఎర్ర దారం. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 80 సెంటీమీటర్ల దారం పట్టింది. అంటే 40 కిలోమీటర్లు, దారి పొడవుకి సరిగ్గా సరిపోయింది. ఈ ఒక్క లెక్క తేడా లేకుండా వచ్చినందుకు షాపులో అందరికీ టీ పోయించాను.

1900లో రాజావారు సొంత డబ్బుతో వేయించిన చిన్న రైలు ఇది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. 2004లో ఆపేసి పట్టాలు మార్చి, 2010లో మా ఊరికి పెద్ద రైలు తెచ్చారు. చిన్న రైలు ఎంత నెమ్మదో చెప్పడానికి మా ఇంట్లో ఒక కథ ఉంది. మా నాన్న టెక్కలి దగ్గర దిగి, పక్క తోటలో చెరుకుగడ విరుచుకుని, వెనక పెట్టె ఎక్కాడట. అతిశయోక్తే అనుకుంటాను. కాని ఆ రైలు ఎక్కినవాళ్ళు ఎవరిని అడిగినా ఇలాంటిదే ఒకటి చెబుతారు. కొత్త రైలు గురించి మాత్రం టైమింగ్స్ తప్ప ఎవరూ ఏమీ చెప్పరు.

దారం గుణుపురం చేరకముందే పలక అంచు వచ్చేసింది. కొస కిందికి వేలాడదీసి వదిలేశాను.

డిసెంబరు 14

గుమ్మ వైపు కొండల్లో ఒక సంత. సవర ఊళ్ళన్నీ ఇటే. తెల్లారకముందే బయల్దేరాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే బండి లైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడే. వాలుల మీద రాళ్ళు పేర్చి కట్టిన మడి గట్లు ఒకదాని పైన ఒకటి. నేను ఫ్రిజ్ అట్టలతో చేసిన పనినే వాళ్ళు రాళ్ళతో, ఎన్ని తరాలుగానో, కొండ ఒంపు ఎలా పోతే అలా చేసుకుంటూ వచ్చారు. ఎత్తు గీత అంటే ఏమిటో అమ్మాయికి సెప్టెంబరులో ఎంత చెప్పినా ఎక్కలేదు. ఇక్కడ చూపిస్తే ఒక్క నిమిషంలో ఎక్కింది.

సంతలో కందులు, పసుపు, అల్లం, చీపుళ్ళు, చోళ్ళు. ఒక పక్క జీలుగు కల్లు. ఒక ముసలమ్మ దగ్గర నారింజలు కొన్నాం. ఆమె ఒక్కొక్కటీ నా సంచిలో వేస్తూ సవరలో లెక్కపెడుతోంది. పది, పదకొండు, పన్నెండు వరకు ఒక్కోదానికి ఒక్కో పేరు. పన్నెండు దగ్గర "మిగ్గెల్" అంది. పదమూడుకి మళ్ళీ మిగ్గెలే, చివర 'బోయ్' తగిలించి. పన్నెండున్నొకటి అన్నమాట. సవర లెక్క పన్నెండు దగ్గర ఒకసారి ఆగుతుంది, ఇరవై దగ్గర ఇంకోసారి. ముప్పై మూడు అనాలంటే ఇరవై మీద పన్నెండు, ఆ మీద ఒకటి. దీని గురించి ఎక్కడో చదివాను, చెవితో వినడం ఇదే మొదలు. అమ్మాయి ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, పళ్ళు సంచిలోంచి తీసి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టించుకుంది. ముసలమ్మ నవ్వుతూనే ఉంది. మూడోసారికి మాత్రం డబ్బులడిగింది.

తిరిగి వస్తుంటే వెనక సీట్లోంచి, "నాన్నా, మన మహేంద్రగిరి పదిహేను అట్టలు కదా. మిగ్గెల్ మీద మూడు!"

దారిలో ఒకరింటి గోడ మీద ఇదితాల్ చూశాం. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి ముద్దతో తెల్లటి చదరం, అందులో చీమల బారులా మనుషులు, ఏనుగు, చెట్టు, నిచ్చెన. చనిపోయిన పెద్దల కోసం, దేవతల కోసం వేసే ఇల్లు అది. ఫోటో తియ్యొచ్చా అని అడిగాం. వద్దన్నారు. తియ్యలేదు.

డిసెంబరు 28

గండాహతి జలపాతం. పిక్నిక్ సీజను, స్పీకర్లు, థర్మకోల్ ప్లేట్లు. పిన్ను గుచ్చాం, వచ్చేశాం.

పలకలో పట్టకపోయినా జిరంగో కూడా వెళ్ళాం. 1963లో టిబెట్ నుంచి వచ్చినవాళ్ళకి ఇచ్చిన చోటు అది. 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ మఠం ఉంది. మొక్కజొన్న పొలాల మధ్యలోంచి బంగారు శిఖరం లేస్తుంటే బావ బండి ఆపేసి కాసేపు అలా చూశాడు. మోమోలు తిన్నాం. అమ్మకి ఆవిరి కుడుముల్లా నచ్చాయి, పచ్చడి నచ్చలేదు.

జనవరి 18

మహేంద్రగిరి. ఐదు నెలలుగా అట్టల మీద, గుజ్జు మీద తిరిగిన కొండ.

కోయిన్‌పూర్ దాటాక ఘాట్ రోడ్డు. బావ జీపు మొదటి గేరులోంచి బయటికి రాలేదు. ఒక్కో మలుపులో అమ్మాయి నా మ్యాపు చూస్తూ "ఇది ఎనిమిదో అట్ట... తొమ్మిది..." అంటోంది. పన్నెండు దగ్గర "మిగ్గెల్" అని అరిచింది. పైకి వెళ్ళేకొద్దీ చెట్లు తగ్గి గడ్డి వాలులు మొదలయ్యాయి. నేను శిఖరం దాకా ఆకుపచ్చ రంపప్పొట్టు చల్లి అడవి చేసి పెట్టాను. ఇంటికి వెళ్ళి పైనున్న మూడు అట్టల దగ్గర గోకెయ్యాలి.

శివరాత్రికి ఇక్కడ ఇసుక వేస్తే రాలదు. ఇవాళ మేం కాక ఇంకో పదిమంది. భీముడి గుడి అంటే పెద్ద గోపురం ఊహించుకోకండి. పది అడుగులు నడిస్తే చుట్టొచ్చే చిన్న గది. దానికి వాడిన రాళ్ళు మాత్రం ఒక్కొక్కటీ మా జీపు బానెట్ అంత. సున్నం లేదు, అతుకు లేదు. ఒక రాయి అంచు మీద అరచెయ్యి వేశాను. చలికి బిగుసుకుని, పైన నాచు, కింద నీటి చెమ్మ. ఉలి గుర్తులు వేళ్ళకి ఇంకా తగులుతున్నాయి. కుంతి గుడిలో గోకర్ణేశ్వరుడు. కళింగని ఏలిన తూర్పు గాంగులు తమ రాగి శాసనాల్లో మొదట చెప్పుకునేది మహేంద్రాచలం మీది ఈ గోకర్ణస్వామినే. అంత పెద్ద రాజుల ఇంటిదేవుడు ఇంత చిన్న గుడిలో, ఇంత చలిలో. ఇక్కడి చోళ శాసనం దగ్గర పులినీ, జంట చేపల్నీ చెక్కారు. తంజావూరు నుంచి ఇంత దూరం వచ్చి కొండెక్కి మరీ ముద్ర వేసి పోయారు. మా అమ్మాయి చేపల్ని చూసి, "వీళ్ళూ పిన్ను గుచ్చారన్నమాట" అంది.

శిఖరం మీద బావ బాటిల్లో నీళ్ళు తీశాడు. "ఇటు పోస్తే మీ అమ్మగారి ఊరు, అటు పోస్తే మన ఊరు. ఎటు పొయ్యమంటావు బావా?" అటూ ఇటూ కొంచెం కొంచెం పోశాడు. రెండు వైపులా అడుగు దూరం పోకుండానే గడ్డిలో ఇంకిపోయాయి.

సముద్రం కనిపిస్తుందని అందరూ అంటారు. మంచు విడుస్తుందేమోనని పదిన్నర దాకా చూశాం. విడవలేదు. తూర్పున తెల్లగా కనిపించింది మబ్బో, నీరో మాలో మాకే కుదరలేదు. అమ్మాయి మాత్రం అది సముద్రమేనని పట్టుబట్టింది.

ఇక్కడి మన్ను నల్లగా ఉంది, ఎర్రగా ఉంటుందనుకున్నాను. డబ్బాలో నింపాం.

ఫిబ్రవరి 1

సరిహద్దు ఎలా వెయ్యాలన్నదే మిగిలింది. అమ్మాయికి స్కూల్లో చూపించాలంటే కావాలి. అంటించెయ్యడానికి నాకు మనసు రాలేదు. అమ్మ పుట్టిల్లు అటు, అత్తిల్లు ఇటు. బావ ఉండేది ఏరు దాటితే. తెల్ల దారాన్ని గుండుసూదులకి చుట్టి, కావాలంటే తీసేసేలా పెట్టాం. వేసిన రోజే పిల్లి తగిలి పాతపట్నం దగ్గర ఊడింది.

ఫిబ్రవరి 8

నమూనాని ఇంటి వరండా నుంచి షాపు ముందుకి మార్చాను. ఇంట్లో చోటు చాలక కూడా. జిరాక్సులకి వచ్చినవాళ్ళు కాగితాలు తయారయ్యేదాకా దాని మీద వాలిపోతున్నారు. అందరూ మొదట వెతికేది సొంత ఊరే. లేకపోతే నా వైపు కోపంగా చూస్తారు.

ఇవాళ కొండ మీంచి ఒక సవర ఆవిడ, వెంట కొడుకు. కాగితాలు పక్కన పెట్టి కొండల్ని చూస్తూ నిలబడింది. ఏది ఏదో చెప్పాల్సిన అవసరమే రాలేదు. మహేంద్రగిరి మీద చెయ్యి ఆనించి, అక్కణ్ణుంచి వేలు జరుపుకుంటూ, ఒక లోయలోకి దిగి, ఒక చోట ఆగింది. కొడుకు తెలుగులో చెప్పాడు. "మా ఊరు. పేరు లేదు."

మేం వెళ్ళని చోటు కాబట్టి షరతు ప్రకారం పిన్ను లేదు. అయినా జెండా ఒకటి తీసి పేరు అడిగాను. ఆవిడ చెప్పింది. మధ్యలో గొంతు టక్కున ఆగి మళ్ళీ మొదలవుతోంది. ఆ ఆగిన చోటికి నా దగ్గర అక్షరం లేదు. ఒకసారి విసర్గ పెట్టి రాసి చదివాను. తల అడ్డంగా ఊపింది. పొల్లు పెట్టి చదివాను. కొడుకు నవ్వాడు. మూడోసారి ఆవిడ నా నోటి వైపే చూస్తూ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, నెమ్మదిగా మళ్ళీ చెప్పింది.

జెండా జేబులోనే ఉంది. వచ్చే ఆదివారం జీపు ఖాళీయేనా అని బావకి ఫోన్ చేశాను.